గడ్డి చేనులో పై విత్తనం: మంచులో చల్లాలా, డ్రిల్ వేయాలా?

అమెరికాలో ఒహాయో లాంటి చోట ఎండుగడ్డి చేను పలచబడితే దున్నక్కర్లేదు, ఉన్న గడ్డిలోనే విత్తనం వేయొచ్చు. నాలుగైదు ఎకరాల వాళ్లకు ఉన్నవి రెండు దారులు.

ఒకటి, ఫిబ్రవరి చివర్లో చల్లేయడం. రాత్రి నేల గడ్డకడుతుంది, పగలు కరుగుతుంది. రోజూ అలా బిగిసి వదులుతుంటే పైమట్టి తేనెపట్టులా బీటలిస్తుంది. పశువుల మేతకు వేసే పప్పుజాతి మొక్క రెడ్ క్లోవర్. ఆవగింజంత ఉండే దాని గింజ ఆ బీటల్లోకి తనే జారుతుంది. ఎకరానికి 6 నుంచి 8 పౌండ్లు చాలు. మెడకు తగిలించుకునే చేతి సీడర్‌తో తెల్లవారుజామునే నడవాలి. పొద్దెక్కితే బూట్లకు బురద పట్టేసి అడుగు పడదు. మన డెల్టాలో కోతకు ముందు వరిలో మినుములు చల్లినట్టే, నేల తయారీ పని మనది కాదు.

అయితే ఆర్చర్డ్ గ్రాస్ లాంటి గడ్డి గింజలు తేలిక, పాత దుబ్బుల్లోనే చిక్కుకుంటాయి. మంచు మందంగా ఉన్న ఏటవాలు నేలైతే గింజంతా కరిగిన నీళ్లతో కొట్టుకుపోతుంది.

రెండోది, ఏప్రిల్‌లో నో-టిల్ డ్రిల్, అంటే దున్నకుండానే నేలను చీల్చి గింజ వేసే యంత్రం. గింజ పావు నుంచి అర అంగుళం లోతున పడుతుంది, గడ్డి జాతులకు ఇదే నమ్మకం. కానీ ట్రాక్టర్ కావాలి, డ్రిల్ అద్దెకు దొరకాలి. మన వంతు వచ్చేసరికి పాత గడ్డి లేచి మొలకలను కమ్మేస్తుందేమోనని టెన్షన్.

క్లోవర్ ఒక్కటే కావాలంటే నేను డ్రిల్ జోలికే వెళ్లను. పాత అల్ఫాల్ఫా (లూసర్న్ మేత) చేనులో మళ్లీ అల్ఫాల్ఫా మాత్రం రెండు విధాలా దండగే. పాత మొక్కలు వదిలే రసాయనం కొత్త మొలకల్ని ఎదగనివ్వదు.