ట్రియో 650, పామ్ టీఎక్స్: ఫోన్ ఉన్న పామ్, ఫోన్ లేని పామ్

పామ్ కంపెనీ ఏడాది తేడాతో మార్కెట్లోకి తెచ్చిన రెండు పరికరాలను ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. 2004 చివర్లో వచ్చిన ట్రియో 650లో ఫోన్ ఉంది, 2005 అక్టోబరులో వచ్చిన టీఎక్స్‌లో లేదు. రెండింటిలోనూ నడిచేది పామ్ ఓఎస్ అయిదో తరమే, ప్రాసెసర్ కూడా ఇంటెల్ వారి 312 మెగాహెర్ట్జ్ చిప్పే. అపాయింట్‌మెంట్లూ చిరునామాలూ దాచుకునే, చేతిలో పట్టే ఆర్గనైజర్లకూ స్మార్ట్‌ఫోన్లకూ మధ్య సాగిన పోటీని కంపెనీల పేరుప్రతిష్ఠల ప్రమేయం లేకుండా పరిశీలించాలంటే ఇంతకంటే అనువైన జత దొరకదు. రెండూ నా దగ్గర ఇప్పటికీ పనిచేస్తున్నాయి కనుక, జ్ఞాపకాన్ని కాక వాడకాన్నే నమ్ముకుని రాస్తున్నాను.

ఆర్గనైజరుగా చూస్తే టీఎక్స్‌దే పైచేయి, ఇందులో నాకు సందేహం లేదు. దాని తెర 320×480 పిక్సెళ్లది. స్టైలస్ అనే పుల్లలాంటి కలంతో అక్షరాలు గీసే చోటును అక్కర్లేనప్పుడు మూసేస్తే తెర మొత్తం మన రాతకే మిగులుతుంది, అడ్డంగా తిప్పి చదువుకోవచ్చు కూడా. ట్రియో తెర 320×320 చదరం, కింది భాగమంతా బుల్లి కీబోర్డు ఆక్రమించింది. వారం మొత్తం అపాయింట్‌మెంట్లను ఒక్క చూపులో చూడాలనుకునే వ్యక్తికి ఈ తేడా చిన్నది కాదు. పైగా టీఎక్స్‌లో వై-ఫై ఉంది, ట్రియోలో లేదు. వాడుకరికి దక్కే మెమరీ టీఎక్స్‌లో దాదాపు 100 మెగాబైట్లయితే, ట్రియోలో 23 మాత్రమే.

ఆ 23 మెగాబైట్ల కథ కాస్త వివరంగా చెప్పాలి. అంతకుముందటి పామ్‌లలో సమాచారమంతా ర్యామ్‌లో ఉండేది. బ్యాటరీ పూర్తిగా అయిపోతే చిరునామాలూ నోట్సులూ అన్నీ తుడిచిపెట్టుకుపోయేవి. ట్రియో 650లో దాన్ని బ్యాటరీ అయిపోయినా చెరగని ఫ్లాష్ మెమరీకి మార్చి ఆ గండం తప్పించారు. అయితే కొత్త ఏర్పాటులో ప్రతి చిన్న రికార్డుకూ ఒక పూర్తి బ్లాకు కేటాయించాల్సి రావడంతో, పాత ట్రియో 600లో హాయిగా ఇమిడిన చిరునామాల పుస్తకమే ఇందులో ఉబ్బి, కొందరికి పట్టకుండా పోయింది. కంపెనీ కొనుగోలుదారులకు మెమరీ కార్డులు ఉచితంగా ఇచ్చి, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ సవరణతో ఈ లోపాన్ని దిద్దుకుంది. చిరునామాలు భద్రపరచడమే ప్రధాన వృత్తిగా పుట్టిన వంశంలో ఈ పొరపాటు దొర్లడం, ఫోన్‌ను తగిలించే హడావిడిలో దృష్టి ఎటు మళ్లిందో తెలియజేస్తుంది.

ఇన్ని లోపాలున్నా జేబులో చోటు ట్రియోకే దక్కింది. ఎందుకో తెలియాలంటే దాన్ని చేతిలోకి తీసుకుని ఒక కాల్ చేసి చూడాలి. ఫోన్ బటన్ నొక్కి, కావలసిన వ్యక్తి పేరులో మొదటి అక్షరం, ఇంటిపేరులో మొదటి అక్షరం కీబోర్డు మీద కొడితే చాలు, వందల పేర్లలోంచి ఆ ఒక్క పేరూ పైకి వస్తుంది. ఆపైన ఒక నొక్కుతో కాల్ వెళ్తుంది. స్టైలస్‌ను బయటికి తీసే పని లేదు. మీటింగులోకి వెళ్తుంటే పైభాగంలోని చిన్న మీటను పక్కకు జరిపితే మోత ఆగుతుంది, ఏ మెనూలోకీ వెళ్లక్కర్లేదు. క్యాలెండరుకు విడిగా ఒక బటన్ ఉంది. ఇదంతా పామ్ తొలినాళ్ల క్రమశిక్షణే. పామ్ వ్యవస్థాపకుడు జెఫ్ హాకిన్స్ తొలి పరికరానికి నమూనాగా ఒక చెక్కముక్కను జేబులో వేసుకు తిరిగారన్న సంగతి ప్రసిద్ధం. తరచూ చేసే పనికి తక్కువ నొక్కులు ఉండాలన్న ఆయన పట్టుదల 1996 నాటి ఆ తొలి పరికరం పైలట్‌లో ఎలా కనిపిస్తుందో, ట్రియోలోనూ అలాగే కనిపిస్తుంది.

హాకిన్స్, ఆయన సహచరులు డోనా డుబిన్‌స్కీ, ఎడ్ కాలిగన్ 1998లో పామ్‌ను వదిలి హ్యాండ్‌స్ప్రింగ్ స్థాపించారు. వారి వైజర్ ఆర్గనైజరుకు వెనక ఒక గాడి ఉండేది, అందులో ఫోన్ పరికరాన్ని దూర్చుకోవచ్చు. మోయడానికి అదో బరువు. ఆ అతుకుల బొంత పద్ధతి మాని రెంటినీ ఒకే ఒంట్లో పోసినదే ట్రియో వరస. 2003లో పామ్ ఆ కంపెనీని కొనేసింది. అలా ఆర్గనైజర్లతో బతికిన కంపెనీ, వాటికి ఎసరు పెట్టే ఫోన్‌ను తన చేతులతోనే ఇంటికి తెచ్చుకుంది.

ట్రియోకు అసలు బలం యంత్రంలో కంటే అమ్మకం తీరులో ఉందని నా అభిప్రాయం. అమెరికాలో మొబైల్ కంపెనీలు ఒప్పందం మీద సంతకం చేసినవారికి ఫోన్ ధరలో కొంత తామే భరించేవి. 299 డాలర్ల టీఎక్స్‌కు మాత్రం ఆ సాయం చేసే నాథుడు లేడు. ఇక హాట్‌సింక్ సంగతి. పరికరాన్ని కంప్యూటరుకు తగిలించి బటన్ నొక్కితే రెండు చోట్లా సమాచారం ఒకటయ్యే ఆ ఏర్పాటు 1996లో అద్భుతం. అయితే తీగ ఊడదీసిన క్షణం నుంచీ ఆర్గనైజరులోని సమాచారం పాతబడుతూనే ఉంటుంది. వై-ఫై ఉన్న గదిలో టీఎక్స్ ఈ కొరతను తీర్చుకోగలదు, గుమ్మం దాటితే తీర్చుకోలేదు. ట్రియోలో ఎడ్జ్ (2జీ నెట్‌వర్క్ మీద నడిచే ఇంటర్నెట్) వేగం నత్తనడకే అయినా, రోడ్డు మీదా రైల్లోనూ మెయిల్ అందుతుంది.

మన దగ్గర లెక్క వేరు. ఇక్కడ ఫోన్‌ను పూర్తి ధరకే కొని సిమ్ వేరుగా తీసుకునేవాళ్లం కనుక రాయితీ ప్రసక్తే లేదు, ఆ రకంగా ఆర్గనైజరుకు సమానావకాశం ఉండాల్సింది. అయినా అది కొద్దిమంది వృత్తినిపుణుల చేతులు దాటలేదు. జనవరిలో ఉచితంగా వచ్చే ఎల్‌ఐసీ డైరీ నుంచి మనలో చాలామంది నేరుగా నోకియా తెరకు మారిపోయారు. 2003 నాటి నోకియా 6600లో క్యాలెండర్, కెమెరా, బ్లూటూత్ అన్నీ ఉండగా, తెలుగు రాని పామ్‌లో స్టైలస్‌తో ఇంగ్లిష్ అక్షరాలు గీయడం నేర్చుకోవాల్సిన అవసరం ఎవరికి కలుగుతుంది? 6600 క్యాలెండర్ పామ్ ముందు దిగదుడుపే. కానీ అది అందరి దగ్గరా ఎలాగూ ఉండే వస్తువులోనే ఉంది.

ట్రియో గెలుపు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. పామ్ ఓఎస్ ఒకసారికి ఒక అప్లికేషన్‌నే నడిపేలా కట్టినది. డైరీకి సరిపోయిన ఆ పొదుపు, ఫోన్ మోగుతూ మెయిల్ వస్తూ బ్రౌజర్ తెరుచుకునే యంత్రానికి చాలలేదు. 2006 ఆరంభంలో పామ్ తానే మైక్రోసాఫ్ట్ వారి విండోస్ మొబైల్‌తో ట్రియో 700డబ్ల్యూ తెచ్చింది, మరుసటి ఏడాది ఐఫోన్ దిగింది, 2010లో హెచ్‌పీ పామ్‌ను 120 కోట్ల డాలర్లకు కొనేసింది. టీఎక్స్ తర్వాత పామ్ నుంచి కొత్త ఆర్గనైజర్ రానేలేదు.

పాత సామాను మీద మక్కువతో ఇప్పుడు వీటిలో ఒకటి కొనాలనుకునేవారికి నా సలహా ట్రియోనే. దాని బ్యాటరీ వెనక మూత తీసి మార్చుకోగలిగినది, టీఎక్స్ బ్యాటరీ లోపల బిగించేసినది. ఫోన్‌గా వాడాలంటే 2జీ సిగ్నల్ తప్పనిసరి కనుక జియో సిమ్ పనికిరాదు. 64 బిట్ విండోస్ ఉన్న కంప్యూటరుకు యూఎస్‌బీ తీగతో కలపడానికి పామ్ డ్రైవర్లు ఇవ్వలేదు, బ్లూటూత్ ద్వారా హాట్‌సింక్ చేసుకోవాలి. కొనేముందు పైభాగంలోని మోత మీటను అటూ ఇటూ జరిపి, కీబోర్డులో ప్రతి మీటనూ నొక్కి చూసుకోండి.