బొమ్మ మీద రవ్వ: ఇంటి 4కే తెర మీద నాలుగేళ్ళ ఫిల్మ్ గ్రెయిన్ అనుభవం

2021 దసరాకి 65 అంగుళాల ఓలెడ్ టీవీ కొన్నాను. మరుసటి వేసవిలో డాలస్ నుంచి వస్తున్న మా బావమరిది చేత 4కే డిస్క్ ప్లేయర్, ఓ ఐదు డిస్కులు తెప్పించుకున్నాను. మొదటి రాత్రి పెట్టింది 'ది హర్ట్ లాకర్' అనే యుద్ధం సినిమా. పది నిమిషాలు గడవకముందే మా అమ్మ అంది: "ఏంట్రా ఇది? అంత డబ్బు పోసి కొన్నావు, బొమ్మంతా రవ్వ చల్లినట్టుంది."

నాకూ అలాగే అనిపించింది. డిస్క్ తీసి మెత్తటి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టాను. కేబుల్ మార్చాను. ఆకాశం, మట్టిరోడ్డు, సైనికుడి చెంప, ఎక్కడ చూసినా సన్నగా ఏదో కదులుతూనే ఉంది. చివరికి టీవీ సెట్టింగుల్లో నాయిస్ రిడక్షన్, అంటే బొమ్మలో చుక్కల్ని చెరిపేసేది, 'హై'లో పెట్టాను. రవ్వ మాయమైంది. బొమ్మ అద్దంలా ఉందని ఇద్దరం సంతోషపడ్డాం. ఆ సెట్టింగ్ ఎనిమిది నెలలు అలాగే ఉంచేశాను. ఆ ఎనిమిది నెలల్లో చూసిన సినిమాలన్నీ తర్వాత మళ్ళీ చూశాను, ఎందుకంటే మొదటిసారి వాటిని సగమే చూశానని తేలింది.

తేలింది ఒక పాజ్ బటన్ వల్ల. అదే డిస్క్, అదే సైనికుడి ముఖం దగ్గర సినిమా ఆపి ఫోన్ మాట్లాడుతున్నాను. ఖాళీగా ఉన్న చెయ్యి రిమోట్‌తో నాయిస్ రిడక్షన్ ఆపింది. చెంప మీద మాసిన గడ్డం వచ్చింది. మళ్ళీ ఆన్ చేశాను, గడ్డం పోయింది. దగ్గరికెళ్ళి తెరకి జానెడు దూరంలో నిలబడి పది పన్నెండుసార్లు అలా మార్చి చూశాను. గడ్డంతోపాటు కంటి కింద ముడతలు, కాలర్ మీద నేత, నుదుటి మీద చెమటలో అంటుకున్న దుమ్ము, అన్నీ వస్తున్నాయి, పోతున్నాయి. టీవీ రవ్వనీ గడ్డాన్నీ వేరు చేయలేకపోతోంది. దానికి రెండూ చిన్న చుక్కలే. రెంటినీ కలిపి చెరిపేస్తోంది.

ఈ రవ్వనే ఫిల్మ్ గ్రెయిన్ అంటారు. ఆ రాత్రి నుంచి అదేమిటో పట్టుబట్టి తెలుసుకున్నాను. ఫిల్మ్ మీద జెలటిన్ పూతలో సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు ఉంటాయి. వెలుతురు తగిలిన స్ఫటికాలు ల్యాబ్‌లో డెవలప్ చేసినప్పుడు వెండిగా మారతాయి. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లో బొమ్మని మోసేది ఆ వెండే. కలర్ ఫిల్మ్‌లో ఆ వెండి చుట్టూ రంగు ఏర్పడుతుంది, తర్వాత వెండిని కరిగించి తీసేస్తారు, రంగు మబ్బులు మాత్రం మిగులుతాయి. అంటే ఒక బొమ్మ ఉండి, దాని మీద ఎవరో రవ్వ చల్లలేదు. బొమ్మని చేసిందే ఆ రవ్వ. ముగ్గులోంచి పిండి తీసేస్తే ముగ్గు ఎక్కడుంటుంది?

పైగా ఏ రెండు ఫ్రేముల్లోనూ ఆ గింజలు ఒకే చోట ఉండవు. సెకనుకి 24 ఫ్రేములు, 24 రకాల అమరికలు. ఒక్కో ఫ్రేమ్‌లో దొరకని వివరాన్ని కన్ను పక్క పక్క ఫ్రేముల నుంచి కూడగట్టుకుంటుంది. అందుకే పాజ్ చేసిన బొమ్మ గరుకుగా కనిపించి, నడుస్తున్నప్పుడు అదే బొమ్మ నిండుగా అనిపిస్తుంది. కదలకుండా నిలబడిన గోడ కూడా ఫిల్మ్‌లో ఊపిరి తీస్తున్నట్టుంటుంది. ఇది ఒకసారి కంటికి అలవాటైతే, నునుపుగా తోమిన గోడ చచ్చిన గోడలా కనిపిస్తుంది.

రవ్వ ఎంత లావుగా ఉంటుందనేది రెండింటి మీద ఆధారపడుతుంది. ఒకటి ఫిల్మ్ వేగం, అంటే అది ఎంత తక్కువ వెలుతురులో బొమ్మ పట్టగలదో. రాత్రి సీన్లకీ లోపలి సీన్లకీ వాడే కొడాక్ 500టీ లాంటి ఫిల్మ్‌లో స్ఫటికాలు పెద్దవి, కాస్త వెలుతురు ఉన్నా పట్టుకుంటాయి. ఎండలో వాడే 50డీలో చిన్నవి. రెండోది నెగటివ్ సైజు. 'ది హర్ట్ లాకర్' తీసింది సూపర్ 16 అనే 16 మిల్లీమీటర్ల ఫిల్మ్ మీద. ఆ ఫ్రేమ్ వెడల్పు సుమారు 12 మిల్లీమీటర్లు. నా టీవీ తెర వెడల్పు 144 సెంటీమీటర్లు. అంటే దాదాపు 115 రెట్లు పెద్దది చేసి చూస్తున్నానన్నమాట. అదే 1962 నాటి 'లారెన్స్ ఆఫ్ అరేబియా' 65 మిల్లీమీటర్ల నెగటివ్ మీద తీశారు. ఆ ఫ్రేమ్ వెడల్పు 50 మిల్లీమీటర్లు దాటుతుంది, నా తెరకి 27, 28 రెట్లు పెంచితే చాలు. ఆ డిస్క్ పెట్టిన రోజు అమ్మ ఎడారిని చూసి "ఇందులో రవ్వ లేదే" అంది. దగ్గరికి పిలిచి ఆకాశం చూపించాను. కళ్ళద్దాలు సర్దుకుని కాసేపు చూసి, "ఉంది, ఇది బొంబాయి రవ్వ. అది ఇడ్లీ రవ్వ" అంది. ఇంతకన్నా బాగా దీన్ని ఎవరూ చెప్పలేదు నాకు.

ఇప్పుడు సెట్టింగుల సంగతి. నాలుగేళ్ళలో నేను చేసిన మార్పుల్లో నిలిచినవి కొన్నే. షాపులో టీవీ ఏ 'వివిడ్' మోడ్‌లో కనిపించిందో ఆ మోడ్‌లో ఇంట్లో సినిమా చూడకూడదు. అందులో షార్ప్‌నెస్ బాగా పెంచి ఉంటుంది, అది ప్రతి గింజకీ అంచు గీస్తుంది. మెత్తగా ఉండాల్సిన గ్రెయిన్ పురుగుల్లా మెలికలు తిరుగుతుంది. గ్రెయిన్ బాగాలేదని చాలామంది అనుకునేది నిజానికి ఈ షార్ప్‌నెస్ చేసిన గొడవే. నేను దాన్ని సున్నాలో ఉంచాను. ఏ టీవీలో సున్నా అంటే ఏమిటో అది వేరే సంగతి, కొన్నింటిలో సున్నా బొమ్మని మసక చేస్తుంది. సన్నటి అక్షరాలున్న టైటిల్ కార్డ్ పెట్టి, అక్షరం చుట్టూ తెల్లని గీత పోయేదాకా తగ్గించి అక్కడ ఆగితే సరి. నాయిస్ రిడక్షన్, ఎంపెగ్ నాయిస్ రిడక్షన్ రెండూ ఆఫ్. కదలికని నునుపు చేసే మోషన్ స్మూతింగ్ కూడా ఆఫ్. అది సినిమాని టీవీ సీరియల్‌లా చేస్తుందని అందరికీ తెలుసు, కానీ గ్రెయిన్‌కి కూడా అది శత్రువే. గింజల కదలికని నిజం కదలిక అనుకుని మధ్యలో లేని ఫ్రేములు పుట్టిస్తుంది, మనిషి తల తిప్పినప్పుడు చుట్టూ గాలి సుడి తిరిగినట్టుంటుంది. 2019లో ప్రకటించిన ఫిల్మ్‌మేకర్ మోడ్ మీ టీవీలో ఉంటే ఒక్క నొక్కుతో ఇవన్నీ ఆగిపోతాయి.

డిస్క్‌కీ ఓటీటీకీ తేడా ఈ విషయంలో కనిపించినంతగా మరెక్కడా కనిపించదు. వీడియో కుదింపు ఎలా పనిచేస్తుందంటే, నిన్నటి ముగ్గు చెరపకుండా, ఇవాళ మారిన గీత మాత్రం దిద్దినట్టు. ముందు ఫ్రేమ్‌లో ఉన్నది చాలావరకూ అలాగే ఉంటుంది కాబట్టి మారినదే పంపితే చాలు. గ్రెయిన్ ఉన్న సినిమాలో ప్రతి ఫ్రేమ్‌కీ ప్రతి చుక్కా చోటు మారుతుంది. ముగ్గు మొత్తం సెకనుకి 24 సార్లు కొత్తగా వేయాలి. 4కే డిస్క్‌కి అంత పిండి ఉంది, సెకనుకి 50, 60 మెగాబిట్లు సునాయాసంగా ఖర్చుపెడుతుంది. ఓటీటీలో 4కే అంటే 15, 20 దగ్గర తిరుగుతుంది. పిండి చాలక ముందు ఆకాశం చెదిరి గళ్ళు పడుతుంది, తర్వాత చీకటి మూలలు, ఆ తర్వాత ముఖాలు. ఒకే సినిమాని నేను డిస్క్‌లోనూ ఒక ఓటీటీలోనూ ఒకే రాత్రి పక్కపక్కన చూశాను. ఓటీటీలో గ్రెయిన్ పోలేదు, కానీ బురదలా ముద్దలు ముద్దలుగా ఉంది, సెకనుకి ఒకటి రెండుసార్లు గుప్పున మారుతోంది. దాన్ని చూసి ఫిల్మ్ అంటే ఇదేనని ఎవరైనా అనుకుంటే తప్పు వాళ్ళది కాదు.

ఏవీ1 అనే కొత్త కోడెక్, అంటే వీడియోని కుదించే పద్ధతి, దీనికో ఉపాయం తెచ్చింది. పంపే ముందు గ్రెయిన్ తీసేసి, దాని లావు, దట్టం ఎంతో కొలతలు మాత్రం రాసి పంపుతారు, మన ఇంట్లో టీవీ ఆ కొలతల ప్రకారం కొత్త గ్రెయిన్ చల్లుతుంది. నేను చూసినంతలో ముద్దల కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు. కానీ తీసేటప్పుడు గడ్డం కూడా పోయి ఉంటే, తిరిగి చల్లినంత మాత్రాన గడ్డం రాదు.

ఇలా తోమడం టీవీలోనే కాదు, డిస్క్ తయారు చేసే చోటే జరిగితే మన చేతిలో ఏమీ ఉండదు. 1970 నాటి 'ప్యాటన్' 65 మిల్లీమీటర్ల నెగటివ్ మీద తీసిన సినిమా, దాని గ్రెయిన్ మొదటే సన్నం. అయినా 2008 బ్లూరే డిస్క్‌లో దాన్నీ తోమేశారు, ముఖాలు మైనంలా తయారయ్యాయి. చూసేవాళ్ళు గట్టిగా అడిగారు. 2012లో గ్రెయిన్‌తో మళ్ళీ విడుదల చేశారు. ఈ ఒక్క ఉదంతం వల్ల నాకు ధైర్యం వచ్చింది, అడిగితే వింటారని.

మన దగ్గర అడగాల్సిన సమయం ఇదే. 2022 నుంచి పాత తెలుగు సినిమాలు 4కే పేరుతో మళ్ళీ థియేటర్లకి వస్తున్నాయి, నేను వీలైనన్ని చూస్తున్నాను. కొన్నింటిలో హీరో ముఖం మీద ఒక్క రంధ్రం లేదు, జుట్టు పెయింట్ వేసినట్టుంది, వెనక నిలబడిన జనం ముఖాలు కరిగిపోయాయి. కొత్త సినిమాలా ఉందని మెచ్చుకునేవాళ్ళు నా పక్క సీట్లోనే ఉన్నారు, వాళ్ళ సంతోషాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ సినిమా తీసిన కెమెరామన్ ఆ ఫిల్మ్ ఎందుకు ఎంచుకున్నాడో, ఎంత వెలుతురు పెట్టాడో, ఆ లెక్కంతా ఆ గింజల్లోనే ఉంది. 1957 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్‌లీ పట్టిన వెన్నెల తలుచుకోండి. నీళ్ళ మీద ఆ బూడిద, తెలుపు మెట్లన్నీ వెండి గింజల దట్టంలోంచే వచ్చాయి. నేను ఆన్‌లైన్‌లో చూసిన కాపీల్లో ఆ నీళ్ళు ప్లాస్టిక్ కాగితంలా నునుపుగా ఉన్నాయి. మంచి నెగటివ్ నుంచి స్కాన్ చేసి, గీతలూ దుమ్మూ మాత్రం తీసి, గ్రెయిన్ ముట్టుకోకుండా ఒక్క డిస్క్ వేస్తే నేను మొదటిరోజే కొంటాను.

గీతలూ మరకలూ వేరు, గ్రెయిన్ వేరు అన్నది ఇక్కడ ముఖ్యం. గీత తర్వాత పడింది. దాన్ని తీయడం మరమ్మత్తు. గ్రెయిన్ షూటింగ్ రోజే ఉంది.

పాత సినిమాల్లో ఇంకో చోట నేను మొదట్లో కంగారుపడ్డాను. ఒక సీన్ కరిగి ఇంకో సీన్‌లోకి వెళ్ళేటప్పుడు ఉన్నట్టుండి గ్రెయిన్ రెట్టింపవుతుంది, కరగడం అవగానే కట్ దగ్గర ఠక్కున మామూలవుతుంది. ప్లేయర్ పోయిందనుకున్నాను. కాదు. ఆ రోజుల్లో డిజాల్వ్ కావాలన్నా, బొమ్మ మీద టైటిల్స్ పడాలన్నా ఆప్టికల్ ప్రింటర్‌లో ఆ ముక్కని మరో ఫిల్మ్ మీదికి తిరిగి తీసేవారు. ఒక ఫిల్మ్ గ్రెయిన్ మీద ఇంకో ఫిల్మ్ గ్రెయిన్. ఇప్పుడు బ్లాక్ అండ్ వైట్ సినిమా చూస్తుంటే, ఆకాశం కాస్త గరుకెక్కిందంటే మరో రెండు సెకన్లలో సీన్ మారబోతోందని ముందే తెలిసిపోతుంది. ఎడిటర్ భుజం మీంచి చూస్తున్నట్టుంటుంది నాకు.

గ్రెయిన్ పక్షం వహించేవాడిగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆనాటి ప్రేక్షకులు థియేటర్‌లో ఇంత గ్రెయిన్ చూడలేదు. నెగటివ్ నుంచి ప్రింట్ చేరేసరికి మధ్యలో రెండు మూడు కాపీలు, ఒక్కో కాపీకీ బొమ్మ కొంత మెత్తబడేది. ఇప్పుడు నేరుగా అసలు నెగటివ్‌ని స్కాన్ చేసి, హెచ్‌డీఆర్ అనే, వెలుగున్న చోట్లని మరింత వెలిగించే పద్ధతిలో చూస్తున్నాం. ఎండ సీన్లలో ఆకాశం కొంచెం ఎక్కువగానే మరుగుతుంది. అలాంటి డిస్కులకి నేను హెచ్‌డీఆర్ వెలుగు కాస్త తగ్గించి, సోఫా ఒక అడుగు వెనక్కి జరుపుతాను. మామూలుగా ఏడడుగుల దూరం, అప్పుడు ఎనిమిది.

నా ఓలెడ్‌లో తీరని లోపం ఒకటుంది. పూర్తి నలుపుకి ఒక్క మెట్టు పైన ఉండే చీకటిలో, ముఖ్యంగా ఓటీటీలో, గ్రెయిన్ మినుకుమినుకుమంటుంది. కంపెనీ మనిషి వచ్చి చూసి మామూలే అన్నాడు. డిస్కుల్లో ఇది బాగా తక్కువ. గదిలో తెర వెనక చిన్న బల్బు వెలిగించాక నా కంటికి తట్టడం తగ్గింది.

కొనేవాళ్ళకి ఒక సంగతి. 4కే డిస్కులకి రీజియన్ గొడవ, అంటే ఒక ప్రాంతం డిస్క్ ఇంకో ప్రాంతం ప్లేయర్‌లో ఆడకపోవడం, లేదు, ఎక్కడ కొన్నా ఆడతాయి. మామూలు బ్లూరేలకి ఉంది. మన ప్రాంతానిది సీ, అమెరికాది ఏ. మా బావమరిది తెచ్చిన ప్లేయర్ ఇక్కడ కొన్న మూడు బ్లూరేలని ముట్టుకోలేదు.

టీవీ ఇప్పటికి 4,800 గంటలు నడిచింది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చినప్పుడు నాయిస్ రిడక్షన్ దానంతటదే 'ఆటో'కి వెళ్ళిపోవడం మూడుసార్లు చూశాను. అందుకే అప్‌డేట్ అయిన రాత్రి ముందు ఆ పాత డిస్క్ పెట్టి, ఆ సైనికుడి ముఖం దగ్గర ఆపి, లేచి దగ్గరికెళ్ళి చెంప మీద గడ్డం ఉందో లేదో చూస్తాను. ఉంటే లైటు ఆపి అమ్మని పిలుస్తాను.