ఫుల్ డే ప్రీస్కూల్‌కి డబ్బు కట్టే ముందు సాయంత్రం నాలుగింటికి ఒకసారి వెళ్లి చూడండి

మా పాపకి 2 ఏళ్ల 10 నెలలు ఉన్నప్పుడు ఫుల్ డే ప్రీస్కూల్లో చేర్చాం. పొద్దున 9 నుంచి సాయంత్రం 6:30 దాకా అక్కడే. మావారూ నేనూ ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లాలి, ఇంట్లో చూసుకునేవాళ్లు లేరు. నాలుగు నెలల తర్వాత మాన్పించేశాం. ఏడాది ఫీజు ముందే కట్టేశాం, ఒక్క రూపాయి కూడా వెనక్కి రాలేదు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ నాలుగు నెలలు మా పాప ఎలా గడిపిందో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

చేర్చే ముందు మేము చూడలేదని కాదు. రెండుసార్లు వెళ్లాం. రెండుసార్లూ వాళ్లు మమ్మల్ని పదిన్నరకే రమ్మన్నారు. వెళ్లేసరికి టీచర్ నేల మీద పిల్లల మధ్య కూర్చుని బొమ్మల పుస్తకం చదువుతోంది. ఒక మూల ఇసుక, ఇంకో మూల రంగులు, గోడల నిండా పిల్లలు వేసిన చేతి ముద్రలు. ఒక బాబు ఏడుస్తుంటే టీచర్ దగ్గరికి తీసుకుని మెల్లగా మాట్లాడింది. అది చూసి మా మనసు కుదుటపడింది. అక్కడికక్కడే ఫారం నింపేశాం.

మోసం అక్కడే ఉంది. మేము చూసింది అబద్ధం కాదు, కానీ అది రోజులో మూడు గంటల ముచ్చటే. అగ్రిమెంట్‌లో నాలుగో పేజీలో చిన్న అక్షరాలతో రాసి ఉంది: లెర్నింగ్ ప్రోగ్రామ్ 9:30 నుంచి 12:30 వరకు, ఆ తర్వాత ‘ఎక్స్‌టెండెడ్ కేర్’. సంతకం పెట్టేటప్పుడు ఆ మాటకి అర్థం ఏమిటని అడగలేదు. చదువుకున్న టీచర్లు ఒంటి గంటకల్లా ఇంటికి వెళ్లిపోతారు. ఆ తర్వాత ఐదున్నర గంటలు, ఏడాదిన్నర పిల్లల నుంచి ఐదేళ్ల పిల్లల వరకు అందరినీ ఒకే గదిలోకి చేరుస్తారు. చూసుకోవడానికి ఒక్క ఆయా.

సూచనలు మొదటి నెల నుంచే కనిపించాయి. పొద్దున నింపి పంపిన వాటర్ బాటిల్ సాయంత్రానికి సగం పైగా అలాగే వచ్చేది. డైపర్ మానేసిన పిల్ల మళ్లీ బట్టలు తడుపుకోవడం మొదలుపెట్టింది. కారెక్కగానే నీళ్లు నీళ్లు అనేది. ఎవరిని అడిగినా ఒకటే మాట, ‘కొత్త కదా, అలవాటు పడుతుంది’. మొదట్లో వదిలి వచ్చేటప్పుడు పిల్లలు ఏడవడం మామూలే, కొందరికి కుదురుకోవడానికి వారాలు పడుతుంది. కాబట్టి మేమూ అదే అనుకున్నాం. కానీ కుదురుకుంటున్న పిల్ల రోజురోజుకీ కాస్త తేలిక పడాలి. మా పాప మూడో నెలలో మొదటి నెల కన్నా ఎక్కువ బెంగగా ఉండేది. ఆ తేడా నేను పట్టుకోలేకపోయాను.

పట్టిచ్చింది పాపే. ఒక ఆదివారం తన బొమ్మని చిన్న కుర్చీలో కూర్చోబెట్టి, నడుం చుట్టూ టవల్ బిగించి కట్టింది. బొమ్మ ముఖం దగ్గర వేలు పెట్టి, ‘కదలకు. అమ్మ వచ్చేదాకా కదలకు’ అంది. అది తన మాట కాదు. మా ఇంట్లో ఎవరూ ఆ గొంతుతో మాట్లాడరు. ఆ రాత్రి స్నానం చేయించేటప్పుడు తొడల మీద రెండు వైపులా బెల్టు ఒరుసుకున్న ఎర్రటి గీతలు కనిపించాయి.

మర్నాడు చెప్పకుండా నాలుగింటికి వెళ్లాను. గేటు దగ్గర పన్నెండు నిమిషాలు నిలబెట్టారు. లోపలికి వెళ్లేసరికి టీవీ అప్పుడే ఆపినట్టుంది, పిల్లలందరూ ఇంకా అటే చూస్తున్నారు. 14 మంది. అందులో ఐదుగురు అన్నం తినిపించే ఎత్తు కుర్చీల్లో బెల్టులు పెట్టి ఉన్నారు. ముందు ప్లేటు లేదు, బొమ్మ లేదు. మా పాప వాళ్లలో ఒకతి. నన్ను చూసి ఏడవలేదు, చేతులు మాత్రం చాపింది. ఆయా బెల్టు తీస్తూ తనే ఏడ్చేసింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఒకరికి విరేచనం, ఇంకొకరికి ఏడుపు, మరొకరు తలుపు వైపు పరుగు, ఒక్క మనిషి ఏం చేస్తుంది? ఆమెని ఆ గదిలో ఒంటరిగా వదిలినవాళ్ల మీదే నా కోపం.

మేనేజ్‌మెంట్ జవాబు, ‘సేఫ్టీ కోసమే మేడమ్’. ఇది సేఫ్టీ కాదు. 5 ఏళ్లలోపు పిల్లల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది: పిల్లల్ని కుర్చీలోనో స్ట్రాలర్‌లోనో ఒకేసారి గంటకు మించి కదలకుండా ఉంచకూడదు. ఏడాది దాటిన పిల్లలు రోజు మొత్తం మీద కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలేలా ఆడాలి. 2 ఏళ్లు దాటాక కూడా కూర్చుని స్క్రీన్ చూసేది గంటకు మించకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. ఇక మనుషుల లెక్క చూడండి. ఇంగ్లండ్‌లో నర్సరీలకు చట్టం పెట్టిన హద్దు, 2 ఏళ్ల పిల్లలు ఐదుగురికి ఒకరు ఉండాలి. అంతకంటే చిన్నవాళ్లయితే ముగ్గురికి ఒకరు. మా పాప ఉన్న గదిలో పద్నాలుగు మందికి ఒకరు.

ఇంటికొచ్చాక యాప్‌లో పాత డైరీలన్నీ తీసి చదివాను. రోజూ ఒకే వాక్యం: 1:00 నుంచి 3:00 వరకు హాయిగా పడుకుంది, స్నాక్ మొత్తం తినేసింది. అంతకుముందు నెలలో టీకా వేయించడానికి పాపని పదకొండున్నరకే తీసుకొచ్చేసిన రోజు ఒకటుంది. ఆ రోజు డైరీలో కూడా 1:00 నుంచి 3:00 వరకు హాయిగా పడుకుంది. ఆ స్క్రీన్‌షాట్ చూపించాకే వాళ్ల గొంతు మారింది. ఫొటోలు కూడా అన్నీ పొద్దుటివే, మధ్యాహ్నం తర్వాత ఒక్కటీ లేదు. కెమెరా లింక్ ఇచ్చారు కానీ అది క్లాసురూమ్‌కీ గేటుకీ మాత్రమే, ఆ గదిలో కెమెరానే లేదు.

మీరు చేర్చబోతుంటే మూడున్నర, నాలుగు గంటల మధ్య వెళ్లండి. రావద్దంటే అదే జవాబు అనుకోండి. ఒంటి గంట తర్వాత మా బిడ్డ ఏ గదిలో, ఎవరి దగ్గర, ఎంతమందితో ఉంటుందని అడిగి, వాళ్లు చెప్పింది అగ్రిమెంట్‌లో రాయించుకోండి. ఆయా సెలవు పెడితే ఎవరు వస్తారో కూడా అడగండి, మాకు తర్వాత తెలిసింది, ఆ రోజుల్లో వంటావిడ చూసుకునేది. మధ్యాహ్నం నిద్ర రాని పిల్లల్ని ఏం చేస్తారన్నది నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. మూడేళ్లు వచ్చేసరికి కొందరు పగటి నిద్ర మానేస్తారు. మంచి చోట వాళ్లకి పుస్తకాలో బ్లాకులో ఇచ్చి పక్కన ఒక మనిషి ఉంటారు, పనికిమాలిన చోట బెల్టు ఉంటుంది. ఏడాది ఫీజు ఒకేసారి కట్టకండి. డిస్కౌంట్ ఎంతిచ్చినా నెలనెలా కట్టండి, మాన్పించే హక్కు మీ చేతిలో ఉంటుంది.

పాప ఇప్పుడు వేరే చోట ఉంది. రెండు గదులే, గోడలకి రంగు కూడా సరిగ్గా లేదు. కానీ సాయంత్రం ఐదింటికి వెళ్లినా తన టీచర్ అక్కడే ఉంటుంది, పాప ఆ రోజు ఏ మాట కొత్తగా అందో చెబుతుంది. బొమ్మని కుర్చీకి కట్టే ఆట మాత్రం పోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

ఇప్పటికే పిల్లల్ని ఇలాంటి చోట వదిలి వస్తున్నవాళ్లు ఉంటే, రేపు ఆఫీసులో రెండు గంటలు పర్మిషన్ పెట్టి, ఫోన్ చేయకుండా నేరుగా వెళ్లండి.