మార్క్ 3 అంబాసిడర్‌లో ఇసుజు ఇంజెక్షన్ ఇంజిన్: ఏళ్ల తరబడి నడిపాక నా మాట

ఇంజిన్ మార్చడం ఈ పనిలో తేలికైన భాగం. ఆ ఇంజిన్‌కు పెట్రోలును సరైన పీడనంతో అందించడం, కరెంటు ఎక్కడా తెగకుండా చూడటం, ఈ రెండే అసలు పని. హన్మకొండలో మా 1978 మార్క్ 3 అంబాసిడర్‌ను ఇసుజు ఇంజిన్ బిగించి ఇన్నేళ్లు నడిపాక ఈ మాట గట్టిగా చెప్పగలను.

పాత 1489 సీసీ ఇంజిన్ బాగా అరిగి ఆయిల్ తాగేది. తుక్కుకు వెళ్తున్న ఒక అంబాసిడర్ 1800 ఐఎస్‌జెడ్ కొని, 1817 సీసీ ఇసుజు ఎంపీఎఫ్‌ఐ ఇంజిన్ (కార్బురేటర్ బదులు ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టరుతో పెట్రోలును చిమ్మేది), ఐదు గేర్ల బాక్సు, వైరింగ్, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు), ముందు డిస్క్ బ్రేకులు అన్నీ దాని నుంచే తీసుకున్నాం. అన్నీ ఒకే బండివి కావడం వల్ల సగం తలనొప్పి తప్పింది. అంబాసిడర్ తయారుచేసిన హిందుస్థాన్ మోటార్స్ కంపెనీయే ఇదే ఒడ్డూపొడుగున్న బాడీలో ఈ ఇంజిన్ బిగించి అమ్మింది కాబట్టి ఇంజిన్‌ను నిలబెట్టే మౌంటింగులూ దొరికాయి. డిస్క్ బ్రేకులు లేకుండా మాత్రం ఈ పనికి దిగకండి. స్టీరింగ్ పక్కనుండే గేరు రాడ్డు కిందికి వచ్చింది. ముందు సీటులో మధ్య మనిషికి చోటు పోయింది. పెళ్లిళ్లకు బయలుదేరేటప్పుడు ఆ లోటు ఇంట్లో అందరికీ తెలుస్తోంది.

పెద్ద లాభం ఎండాకాలంలో కనిపించింది. మే నెల ఎండలో పాత కారును కాసేపు ఆపి మళ్లీ స్టార్ట్ చేయాలంటే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేయాల్సి వచ్చేది. ఆ పంపు ఇంజిన్‌కే బిగించి ఉంటుంది. వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరైపోతుంది, ఆవిరిని పంపు లాగలేదు. ఇప్పుడు ట్యాంకు దగ్గరి పంపు దాదాపు 3 బార్ల పీడనంతో పెట్రోలును ముందుకు నెడుతుంది. మిగిలినది రిటర్న్ పైపులో వెనక్కి పోతూనే ఉంటుంది కాబట్టి వేడెక్కుతూ నిలిచిపోదు. మేడారం జాతరప్పుడు పస్రా నుంచి తాడ్వాయి దాకా బండ్లు నత్తనడక నడుస్తుంటే, ఎలక్ట్రిక్ ఫ్యాను ఆగుతూ తిరుగుతూ ఉష్ణోగ్రత ముల్లును కదలనివ్వలేదు. ఆ రోజు ఈ కారును చూసి నాకు ఎంత గర్వమనిపించిందో! చలికాలం పొద్దున చోక్ లాగే పనీ లేదు. ఊళ్లో లీటరుకు 9 కిలోమీటర్లు, హైదరాబాద్ రహదారి మీద 12 దాకా ఇస్తోంది.

ఇబ్బంది పెట్టింది ట్యాంకు. పెట్రోలు పావు వంతుకు తగ్గితే, ములుగు అడవి మలుపుల్లో అది ఒక పక్కకు ఒరిగి పంపు గాలి పీల్చేది. పాత ఇంజిన్‌లో పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్‌లోనైతే, దాని ఫ్లోట్ గిన్నెలో కొంత పెట్రోలు నిల్వ ఉంటుంది కాబట్టి ఆ కాస్త ఎడం తెలియదు. ఇంజెక్షన్‌లో క్షణం గాలి చేరినా ఇంజిన్ తడబడుతుంది. డిక్కీలో ఒక చిన్న రెండో ట్యాంకు పెట్టించి, పాత ట్యాంకు నుంచి తక్కువ పీడనం పంపుతో దాన్ని ఎప్పుడూ నిండుగా ఉంచుతూ, పెద్ద పంపును, రిటర్న్ పైపును దానికే కలిపాక ఆ బాధ తీరింది. పాత ట్యాంకు లోపలి తుప్పు కడిగించకపోతే ఫిల్టర్లు వరసగా మూసుకుపోతాయి. రబ్బరు పైపులు ఇంజెక్షన్ పీడనాన్నీ, 20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలునూ తట్టుకునేవే కావాలి. వేడి ఇంజిన్ మీద పైపు పగిలితే కారు నిలువునా కాలిపోతుంది. ఇక్కడ పైసలు మిగుల్చుకోవద్దు.

ఇక కరెంటు. వానాకాలంలో ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పెరగడం, పడిపోవడం మొదలైంది. గ్యారేజీలో ఒక్కో సెన్సరూ మార్చుకుంటూ పోయారు. అసలు జబ్బు ఇంజిన్‌కూ బాడీకీ మధ్య తుప్పు పట్టిన ఎర్త్ పట్టీలో (కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే దారిలో) ఉంది. కొత్త పట్టీ వేసి, ఈసీయూకు విడిగా బ్యాటరీ దాకా ఎర్త్ లాగించాక మళ్లీ ఆ మాటే లేదు.

కాగితాల సంగతి ముందే తేల్చుకోవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంకో రకం ఇంజిన్ బిగించడానికి రవాణా శాఖ అనుమతి కావాలి, ఆర్సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కాలి. ఇంకో మాట: 50 ఏళ్లు దాటిన కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే 2021 నిబంధనలు కారు అసలు రూపంలో ఉండాలంటాయి, ఇంజిన్ మార్పును ఒప్పుకోవు. మా కారుకు 2028లో దక్కాల్సిన ఆ గుర్తింపును తెలిసే వదులుకున్నాం. మాకు ఇది రోజూ తిరిగే బండి. మీ కారులో అసలు ఇంజిన్ ఇంకా బాగుంటే నేనైతే ముట్టుకోవద్దంటాను. బోరింగ్ (అరిగిన సిలిండర్లను తొలిచి సరిచేయడం) చేయించి, కార్బురేటర్ సరిచేయించి అలాగే ఉంచండి.

2014లో అంబాసిడర్లు తయారయ్యే ఉత్తరపరా (పశ్చిమ బెంగాల్) కర్మాగారం ఆగిపోయింది కాబట్టి ఇసుజు విడిభాగాలు దొరికినప్పుడే కొని దాచుకోవాలి. నా డిక్కీలో ఎప్పుడూ ఒక ఇంధన పంపు, దాని రిలే (పంపుకు కరెంటు ఇచ్చే స్విచ్చు), ఒక ఫిల్టరు, కరెంటు కొలిచే మల్టీమీటరు ఉంటాయి.