ప్రశ్నల పెట్టె, గోడ చార్టు, జట్టు ప్రశ్నలు: 3, 4, 5 తరగతులకు ఏది మేలు?

పిల్లలు లోతుగా ప్రశ్నించాలంటే జట్టు ప్రశ్నల పద్ధతే మేలు. మిగతా రెండూ దానికి తోడుగా పనికొస్తాయి.

ప్రశ్నల పెట్టె పెట్టడం తేలిక. నలుగురిలో నోరు విప్పని పిల్లలు చీటీ మీద రాస్తారు, అది చిన్న మేలు కాదు. కానీ చీటీ రాసిన ప్రశ్న రాసినట్టే ఉండిపోతుంది, దాన్ని సానబెట్టే అవకాశం లేదు. వారానికోసారైనా తెరిచి చదవకపోతే పిల్లలు చీటీలు వేయడం మానేస్తారు.

'ఎందుకు', 'ఎలా', 'అలా కాకపోతే ఏమవుతుంది' వంటి మాటలతో గోడకు చార్టు కడితే రోజూ వాడుకోవచ్చు. రాయడం ఇంకా రాని 1, 2 తరగతులకు ఇదే సరి. చిక్కల్లా పిల్లలు ఆ మాటను యాంత్రికంగా తగిలించడంతోనే. 'కుండ ఎందుకు?' అంటే ప్రశ్న లోతైనట్టు కాదు.

జట్టు పద్ధతికి అమెరికాలో రైట్ క్వశ్చన్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన డాన్ రాత్‌స్టీన్, లూజ్ సాంటానా ఒక రూపం ఇచ్చారు. నలుగురైదుగురిని ఒక జట్టుగా కూర్చోబెట్టి, బోర్డు మీద ఒక వాక్యం రాయాలి. అది ప్రశ్న కాకూడదు. ప్రశ్న రాస్తే పిల్లలు జవాబు వెతుకుతారు. 'నీరు' అని వదిలేస్తే ఎటూ తేలదు. 'మట్టికుండలో నీళ్లు ఎండాకాలంలోనూ చల్లగా ఉంటాయి' అంటే పట్టు దొరుకుతుంది.

ఐదు నిమిషాలు ప్రశ్నలే అడగాలి. జవాబు చెప్పకూడదు, బాగుంది బాగాలేదు అనకూడదు, ఎవరు ఏది అడిగితే అది అడిగినట్టే రాయాలి. ఇక్కడ ఎక్కువగా తప్పేది టీచరే. 'భలే ప్రశ్న!' అని ఒకరిని మెచ్చుకోగానే మిగతావాళ్లు అలాంటివే అడుగుతారు, లేదా ఊరుకుంటారు. రాసే పిల్లవాడు తనకు నచ్చినట్టు మార్చేయకుండా కూడా చూడాలి.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేలే ప్రశ్నలను, వివరించాల్సిన ప్రశ్నలను విడదీయాలి. తర్వాత ఒక రకాన్ని రెండో రకంగా మార్చించాలి. 'స్టీలు బిందెలో చల్లబడతాయా?' అన్నది 'స్టీలు బిందెలో ఎందుకు అంతగా చల్లబడవు?' అవుతుంది. ముసురు పట్టిన రోజు సంగతేమిటి, కుండకు రంగు పూస్తే ఏమవుతుంది అనేదాకా పిల్లలు వెళ్తారు. ఈ మార్పిడికి కనీసం ఏడెనిమిది నిమిషాలు కావాలి. టైము చాలదని దీన్ని ఎగ్గొడితే మిగిలేది ప్రశ్నల జాబితా మాత్రమే. చివరికి జట్టు మూడు ప్రశ్నలు ఎంచుకుని, అవే ఎందుకో చెప్పాలి. మొత్తం ఒక పీరియడ్ పడుతుంది కాబట్టి కొత్త పాఠం మొదలుపెట్టేటప్పుడు చేస్తే చాలు.

ఏ పద్ధతి పట్టుకున్నా, టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం కాసేపు ఆగడం ముఖ్యం. టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లకు పైగా ఆగితే పిల్లల జవాబులు పెరగడమే కాక వాళ్లే ఎక్కువ ప్రశ్నలు వేస్తారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు.

ఎంచుకున్న మూడు ప్రశ్నలూ నోటుపుస్తకంలోనే ఆగిపోతే మరుసటిసారి ఎవరూ మనసుపెట్టి అడగరు. 'కుండకు రంగు పూస్తే ఏమవుతుంది?' అన్నదాన్ని ఎంచుకున్నారనుకోండి. ఒకే సైజు కుండలు రెండు తెచ్చి, ఒకదానికి బయటంతా ఆయిల్ పెయింట్ వేసి ఆరనివ్వండి. రెంటిలోనూ సమానంగా నీళ్లు పోసి, గాలి తగిలే నీడలో ఉంచి, కొన్ని గంటల తర్వాత థర్మామీటరుతో పిల్లలచేతే కొలిపించండి. పెయింట్ సన్న రంధ్రాలను మూసేస్తుంది, ఊట బయటికి వచ్చి ఆవిరి కాదు, ఆ నీళ్లు అంతగా చల్లబడవు.