వెలుతురు తక్కువున్నా బతికిన మూడు మొక్కలు: మా చేపల ట్యాంక్‌లో ఎనిమిదేళ్ళు

మాది శ్రీకాకుళం. హాల్లో కిటికీ వెలుతురు పడని మూల రెండడుగుల ట్యాంక్ ఉంది, నీళ్ళు 60 లీటర్లు పడతాయి. 2017లో అందంగా ఉన్నాయని ఎర్రాకుల మొక్కలు తెచ్చాను. నెల తిరక్కుండానే కుళ్ళిపోయాయి. ఆ తర్వాత తెచ్చిన అనుబియాస్ నానా, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్ వెంటీ ఇప్పటికీ ఉన్నాయి. పది వాట్ల ఎల్ఈడీ రోజుకి ఆరు గంటలు వేస్తాను. మొక్కలకి కార్బన్ డయాక్సైడ్ ఇచ్చే సిలిండర్ లేదు, గప్పీ చేపల వ్యర్థమే ఎరువు.

అనుబియాస్‌కి పసుపు కొమ్ములా అడ్డంగా పాకే లావు కాండం ఉంటుంది. దాన్ని ఇసుకలో పూడ్చకూడదు. నేను పూడ్చాను, మెత్తబడి వాసన కొట్టింది. రెండోసారి నాగావళి రాళ్ళు తెచ్చి, వెనిగర్ చుక్క వేస్తే నురగ రాలేదని, అంటే సున్నపురాయి కాదని చూసుకుని, నల్ల కుట్టుదారంతో కట్టాను. రెండు నెలల్లో వేళ్ళే రాయిని పట్టేశాయి. జావా ఫెర్న్‌దీ ఇదే పద్ధతి. దాని ఆకుల అడుగున గోధుమరంగు చుక్కలు వస్తే తెగులనుకుని చాలా ఆకులు తుంచేశాను. అవి సిద్ధబీజాలుండే గుత్తులట, ఫెర్న్‌కి విత్తనాల బదులు అవే. ముదురు ఆకుల మీదే పిల్లమొక్కలు కూడా మొలుస్తాయి.

క్రిప్టోకొరైన్‌ని మాత్రం ఇసుకలోనే నాటాలి. నాటిన వారానికి ఆకులన్నీ జావలా కరిగిపోయాయి. పీకేయబోతే మా అమ్మ తడిమి చూసి, "వేరు గట్టిగానే ఉంది, ఉండనీ రా" అంది. నెలకి కొత్త ఆకులొచ్చాయి. చోటు, నీళ్ళు మారితే ఈ మొక్క ఇలా ఆకులు వదిలేస్తుంది. అందుకే మళ్ళీ కదపలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా జిల్లాలోనే తీరం దాటింది. మా వీధిలో నాలుగు రోజులు కరెంటు లేదు. చేపల గురించి ఎంత టెన్షన్ పడ్డామో! నీళ్ళలో గాలి కలవాలని రాత్రి కూడా వంతులేసుకుని చెంబుతో నీళ్ళు తోడి ఎత్తు నుంచి పోశాం. అయినా మూడు గప్పీలు పోయాయి. మొక్కలకి మాత్రం ఒక్క ఆకూ పండలేదు.

నచ్చనిది ఒకటుంది, ఎదుగుదల బాగా నెమ్మది. మా అనుబియాస్ కొత్త ఆకు వేయడానికి మూడు, నాలుగు వారాలు పడుతుంది. తొందరపడి లైటు పది గంటలకి పెంచాను. ఆకులు పెరగలేదు గానీ వాటి మీద గట్టి పచ్చ చుక్కలు, అంచుల్లో నల్ల గడ్డంలాంటి పాచి పట్టాయి. మళ్ళీ ఆరు గంటలకి తగ్గించి, పాడైన ఆకులు కోసేశాక గానీ దారికి రాలేదు. వెలుతురు చాలదేమో అనిపించినా, కనీసం రెండు నెలలు చూడకుండా లైటు పెంచకండి.

మొన్న కార్తీకంలో అనుబియాస్ నీళ్ళలోనే పూసింది. అది చామ కుటుంబం మొక్కే, పువ్వూ అలాగే, తెల్లటి చిన్న దొన్నెలో కంకి. పది రోజులు దాటినా వాడలేదు.