సిస్టీన్ చాపెల్లో "ఫోటో పర్మిషన్" ఇప్పిస్తానంటే డబ్బులు కట్టకండి

రోమ్‌లో హోటల్ రూమ్‌లో కూర్చుని రాస్తున్నాను. కాళ్లు పీకుతున్నాయి, ఒళ్లు మండుతోంది. మా ఆవిడ "ఇంకా అదేనా?" అంటోంది. అదే. ఇంకో వారం దాకా అదే.

యూరప్‌లో ఉంటూ రోమ్ వెళ్లొచ్చిన తెలుగువాళ్లకి ఈ గైడ్ తెలిసే ఉంటాడు. ట్రిప్ అనగానే ఎవరో ఒకరు అతని నంబరే పంపిస్తారు. పేరు రాయను, మీకే అర్థమవుతుంది. వాటికన్ మ్యూజియమ్స్, వాటిలోనే మైకెలాంజెలో బొమ్మలున్న సిస్టీన్ చాపెల్, సెయింట్ పీటర్స్ చర్చి, ఆ తర్వాత పాతకాలం పెయింటర్ కరవాజ్జో బొమ్మలున్న ఇంకో చర్చి, అన్నీ కలిపి "ఆర్ట్ ఫోటోగ్రఫీ వాక్". మనిషికి 160 యూరోలు, ఇద్దరికి 320. సిస్టీన్‌తో కలిపి మ్యూజియమ్ టికెట్ 20 యూరోలు, ఆన్‌లైన్ బుకింగ్‌కి ఇంకో 5. చర్చిలకి అసలు టికెట్టే లేదు. మరి మిగతా 270 దేనికి కట్టావురా అంటే, వాట్సాప్‌లో వచ్చిన ఒక్క లైనుకి: "సిస్టీన్‌లో స్పెషల్ ఫోటో పర్మిషన్, ట్రైపాడ్ ఓకే." ట్రైపాడ్ అంటే కెమెరా స్టాండ్.

డబ్బులు పంపేదాకా "అన్నా". "మీకెందుకన్నా టెన్షన్, నేనున్నాగా. వదినకి కూడా మంచి ఫోటోలు తీయిద్దాం." మన తెలుగువాడే కదా అని పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపాను. ఫ్యామిలీ అట! ట్రైపాడ్ కోసం స్టుట్‌గార్ట్ నుంచి వచ్చేటప్పుడు ఫ్లైట్‌లో బ్యాగేజీకి 45 యూరోలు అదనంగా కట్టాను.

మ్యూజియమ్ గేటు దగ్గర స్కానింగ్‌లోనే ట్రైపాడ్ పట్టుకున్నారు. లోపలికి రాకూడదు, సామాన్ల కౌంటర్లో పెట్టండి అన్నారు. నేను ఇతని మొహం చూశాను. "పెట్టేయండన్నా, పర్మిషన్ చాపెల్ దగ్గర చూస్తారు. స్టాండ్ వాళ్లే ఇస్తారు" అన్నాడు. ఎనిమిదేళ్లుగా కెమెరా మోస్తున్నవాణ్ని. సిస్టీన్ చాపెల్లో గార్డులు స్టాండ్ తెచ్చి ఇస్తారంటే నమ్మాను. ఆఫీసులో ఎవరైనా ఈ మాట చెబితే పగలబడి నవ్వేవాణ్ని.

మ్యాప్స్ గ్యాలరీలో, రాఫెల్ బొమ్మలున్న గదుల్లో ఫ్లాష్ లేకుండా ఎవరైనా తీసుకోవచ్చు, నేనూ తీశాను. మ్యాప్స్ గ్యాలరీ అయితే 120 మీటర్ల పొడవున బంగారు రంగు పైకప్పు, గోడల నిండా మ్యాపులు. అక్కడ ఎవరూ ఏమీ అనకపోయేసరికి నా నమ్మకం ఇంకా గట్టిపడింది.

చాపెల్లోకి అడుగు పెట్టాం. జనం భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు, అందరి మెడలూ పైకే. దాదాపు 20 మీటర్ల ఎత్తున దేవుడి వైపు ఆడమ్ చెయ్యి చాపి ఉన్నాడు. 1508 నుంచి 1512 దాకా మైకెలాంజెలో గీసిన కప్పు. కెమెరా ఇలా ఎత్తానో లేదో, లెన్సు ముందు ఒక అరచెయ్యి వచ్చి నిలబడింది. "నో ఫోటో!" గార్డు అరిచిన అరుపుకి చుట్టూ ఉన్న యాభైమంది నా వైపు తిరిగారు. నాకు పర్మిషన్ ఉంది, మా గైడ్ అడుగో అని వేలు చూపించాను.

ఇతను పైకప్పు చూస్తున్నాడు. పొద్దున్నుంచీ ఫోన్ తప్ప ఇంకేమీ చూడని మనిషి, ఆ ఒక్క క్షణంలో మైకెలాంజెలో మీద ఎక్కడలేని భక్తి పుట్టి, మెడ వెనక్కి వాల్చి, నేనెవరో తెలియనట్టు నిలబడ్డాడు. గార్డు అతన్ని చూశాడు, నన్ను చూశాడు, చెయ్యి మాత్రం తియ్యలేదు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టి పక్కకి లాగింది. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా తలొంచుకుని నడిచాను. పోయిన డబ్బు కన్నా నాకు అదే మంట.

బయటికొచ్చాక అడిగితే ఏమన్నాడో తెలుసా? "మీరు చూడ్డానికొచ్చారా బ్రదర్, ఫోటోలకొచ్చారా?" అన్న కాస్తా బ్రదర్ అయ్యాడు. ఫోటోగ్రఫీ వాక్ అని పేరు పెట్టింది నేనా? మెసేజ్ చూపిద్దామని ఫోన్ తీస్తే ఆ లైను డిలీట్ చేసేసి ఉంది. స్క్రీన్‌షాట్ తీసుకోలేదు మహానుభావుణ్ని.

అతనేమో మాతో పాటు వచ్చిన మిగతా ఇద్దర్నీ తీసుకుని గ్రూపులకుండే దగ్గర దారిలో సెయింట్ పీటర్స్‌లోకి వెళ్లిపోయాడు. మేము ట్రైపాడ్ కోసం మళ్లీ మొదటికి వెళ్లి, వాటికన్ గోడ చుట్టూ ఎండలో నడిచాం. సెయింట్ పీటర్స్ లోపల చూడనే లేదు.

చివరికి సాన్ లుయీజీ చర్చిలో కలిశాం. ఎడమవైపు చిట్టచివరి చాపెల్లో కరవాజ్జో గీసిన మూడు బొమ్మలుంటాయి, క్రీస్తు శిష్యుడు మాథ్యూవి. చీకటిగా ఉంటుంది, పెట్టెలో కాయిన్ వేస్తే కాసేపు లైటు వెలుగుతుంది. 320 యూరోలు తీసుకున్న మనిషి నా వైపు తిరిగి, "కాయిన్ ఉందా బ్రదర్?" అన్నాడు. వేశాను. ఫోకస్ చేసుకునేలోపు లైటు ఆరిపోయింది. వెనక్కి తిరిగితే ఇతను లేడు. ఇంకో గ్రూపు ఉందట, వెళ్లిపోయాడు. ఈలోగా ఎవరో పెద్దావిడ వచ్చి కాయిన్ వేసింది. కుడివైపు నుంచి వెలుతురు పడుతుంటే క్రీస్తు మాథ్యూ వైపు చెయ్యి చాపుతాడే, అచ్చం సిస్టీన్‌లో ఆడమ్ చెయ్యిలాగే, అది దొరికింది. ఇవాళ్టి మొత్తానికి పనికొచ్చే ఫోటో అదొక్కటే, అదీ ఆవిడ డబ్బుతో.

రూమ్‌కి వచ్చాక సిస్టీన్‌లో ఎవరినీ ఫోటోలు తీయనివ్వరని మా ఆవిడ రెండు నిమిషాల్లో వెతికి చూపించింది. 1980లో మొదలై 1994లో ముగిసిన అక్కడి బొమ్మల పెద్ద క్లీనింగ్‌కి జపాన్‌లోని నిప్పాన్ టెలివిజన్ డబ్బు పెట్టింది, బదులుగా ఫోటోల హక్కులు వాళ్లకిచ్చారు. ఆ గడువు ఎప్పుడో తీరినా నిషేధం అలాగే ఉంది. లోకమంతా ఎరిగిన సంగతి నాకొక్కడికే తెలియలేదు.

వెళ్లేవాళ్లుంటే: ఇటలీ ప్రభుత్వ మ్యూజియమ్స్‌లో 2014 నుంచి సొంతానికి ఫోటోలు ఫ్రీ, ఫ్లాష్, ట్రైపాడ్ కుదరవు. వాటికన్ వేరే దేశం, రూల్స్ వేరు. టికెట్ మ్యూజియమ్ సైట్‌లోనే కొనండి. గైడ్ కావాలంటే లైసెన్స్ కార్డు అడగండి, ఇటలీలో అది తప్పనిసరి. మెసేజ్ రాగానే స్క్రీన్‌షాట్ తీయండి. ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపితే, మోసపోయినా పేపాల్ కూడా ఏమీ చేయదు.

రీఫండ్ అడిగితే ఇందాకే రిప్లై వచ్చింది: ఫైవ్ స్టార్ రివ్యూ రాస్తే వచ్చే ట్రిప్‌కి 10 శాతం తగ్గిస్తాడట. ట్రైపాడ్ ఇంకా కవర్లోంచి తీయనే లేదు. తిరుగు ఫ్లైట్‌లో దానికి మళ్లీ 45 కట్టాలి.